రొట్టెల బండి ఎడమ పక్క

ఒకటో తారీకు

మామయ్యగారికి,

మీ చిన్నల్లుడు నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. ఫోన్లో మీకు మీరన్న 'హలో' తప్ప ఇంకేమీ వినపడదని, పని సంగతులు ఏవైనా కాగితం మీదే చెప్పాలని మీ ఆజ్ఞ కదా, అందుకే ఈ ఉత్తరం.

మీ షెడ్డులో మీ చేతులతో తయారైన చివరి బండి, నా రొట్టెల బండి, తొమ్మిదేళ్ళుగా నన్ను ఒక్కరోజు కూడా దారిలో నిలబెట్టలేదు. స్టీలు బాడీ అంటే ఇలా ఉండాలని బేకరీకి వచ్చినవాళ్ళందరూ అంటారు. అయితే మూణ్ణెల్ల నుంచి ఒక చిక్కు వచ్చిపడింది. బండి ఒంటినిండా తెల్ల తెల్లటి మచ్చలు. చుక్కలు చుక్కలుగా, సున్నం చిమ్మినట్టు. ఎంత కడిగితే అంత ఎక్కువవుతున్నాయి. ఇదివరకు రోజుకొకసారి కడిగేవాణ్ణి, ఇప్పుడు రెండుసార్లు కడుగుతున్నాను. మచ్చలు కూడా రెండింతలయ్యాయి.

ఇంతవరకైతే మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవాణ్ణి కాదు. ఆసుపత్రి వంటశాలకి కొత్తగా ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మొన్న బండి మీద వేలు పెట్టి రుద్దింది. వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ మాత్రం "వేలికి అంటడం లేదంటే బాగా పాతుకుపోయిన మురికన్నమాట" అని పుస్తకంలో రాసుకుంది. పద్ధెనిమిదో తారీకున మళ్ళీ చూస్తుందట. అప్పటికీ ఇలాగే ఉంటే రోగులు తినే రొట్టె ఈ బండిలో రావడానికి వీల్లేదంది. ఆసుపత్రి రూటు పోతే బండిని పోషించడం నా వల్ల కాదు మామయ్యగారూ, అమ్ముకోవాల్సిందే. తెల్ల రంగు వేసిన కొత్త వ్యాను వేసుకుని ఒకాయన ఆ రూటు కోసం ఇప్పటికే ఆసుపత్రి గేటు దగ్గర తచ్చాడుతున్నాడు.

ఆ మచ్చలు పోయే దారేదైనా ఉంటే చెప్పండి. మీ పని మీద నేను మాటంటున్నానని మాత్రం అనుకోవద్దు.

ఇట్లు,
మచ్చలు లెక్కపెడుతూ కూర్చున్న
మీ చిన్నల్లుడు

తా.క.: బండి ఇంజను బాగానే ఉంది. మీ అమ్మాయి కూడా బాగానే ఉంది. ఈ వరుసలో రాయకూడదని మీ అమ్మాయి అంటోంది.


నాలుగో తారీకు

గౌరవనీయులైన అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందింది. మీ తోడల్లుడి చేత గట్టిగా చదివించుకున్నాను. ఆయన గట్టిగా చదివినా నాకు వినపడలేదు, వీధిలోవాళ్ళకి వినపడింది. చివరికి లాక్కుని నేనే చదువుకున్నాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళు రేకు కోశాను. నేను చేసిన బళ్ళు ఐసు తెచ్చాయి, పాలు తెచ్చాయి, మందులు తెచ్చాయి. నా రేకు మీద మచ్చ ఉందన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇంట్లో పిల్లనిచ్చాక పుట్టాడు. నాసిరకం స్టీలు వేశానని మీ ఉద్దేశమైతే తిన్నగా అనండి. తుప్పు అన్న మాట రాయడానికి మొహమాటపడి 'మచ్చ' అని రాశారని నాకు తెలియదా?

అన్నట్టు, అవి వేలికి అంటలేదన్నారు. తుప్పయితే ఎర్రగా అంటుతుంది. కాబట్టి తుప్పు కాదు. నేనే ఒప్పుకుంటున్నాను. మూణ్ణెల్ల నుంచి అన్నారు కదా, మూణ్ణెల్ల కింద ఏం మారింది? బేకరీలో కొత్త బోరు తవ్వించారని మా చిన్నమ్మాయి రాసింది. అదీ సంగతి! అవి మచ్చలు కావయ్యా, నీళ్ళలోని ఉప్పు. ఆ నీళ్ళు ఉత్త ఉప్పునీళ్ళు. కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు రేకు మీద కూర్చుంటుంది. నువ్వు రోజుకి రెండుసార్లు బండికి ఉప్పు పూస్తున్నావు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. బండిని నీడలోకి తీసుకురా. రేకు చల్లబడాలి. వెనిగర్ సగం, మంచినీళ్ళు సగం కలుపు. మెత్తటి పాత నూలు గుడ్డ ముంచి రేకు మీద అద్దు, కాసేపు నాననివ్వు, తర్వాత తుడు. ఇనుప పీచు తెచ్చావా, నీకూ నాకూ చుట్టరికం లేదు. ఆ స్టీలు మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలుంటాయి. ఆ గీతల వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు. అంటే బండి ముందు నుంచి వెనక్కి. అడ్డంగా తుడిస్తే ఉప్పు ఆ గీతల్లోకి వెళ్ళి దాక్కుంటుంది. ఆ తర్వాత మంచినీళ్ళతో కడిగి, అక్కడికక్కడే పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తు. ఇంతే.

ఒక్కరోజు పని. పద్ధెనిమిది దాకా ఎందుకు?

ఇట్లు,
రేకు మీద మచ్చ పడనివ్వని
నీ మామ

తా.క.: కోపంలో 'మీరు' అని మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయాను. చివరి దాకా 'మీరు' అన్నట్టే అనుకోండి.


ఏడో తారీకు

మామయ్యగారికి,

నమస్కారాలు. మీరు మనిషి కాదు, దేవుడు అని రాద్దామనుకున్నాను. సగం బండి వరకు రాయొచ్చు.

నిన్న పొద్దున్నే బండిని బేకరీ వెనక నీడలో పెట్టాను. మీరు చెప్పినట్టే వెనిగరు, నూలు గుడ్డ, ముందు నుంచి వెనక్కి. కుడి పక్క గంటలో తేరుకుంది. ఎలా మెరిసిందంటే మా బేకరీ యజమాని దాన్లో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు. వెనక తలుపులు, ముందు భాగం అన్నీ కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యాయి. మీ అమ్మాయి కూడా గుడ్డ పట్టుకుని కుడి పక్కంతా నాతో పాటు తుడిచింది. ఎడమ పక్కకి వచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఎడమ పక్కే మామయ్యగారూ నా ప్రాణం తీస్తోంది. మొదటిసారి తుడిస్తే చుక్కలు పోయి చారలయ్యాయి. రెండోసారి తుడిస్తే చారలన్నీ కలిసి మబ్బు పట్టినట్టయింది. ఐదుసార్లు తుడిచాను. అదే గుడ్డ, అవే నీళ్ళు, అదే చెయ్యి. కుడి పక్కన అద్దం, ఎడమ పక్కన మబ్బు. నా ఖర్మ ఏమిటంటే, ఆసుపత్రి వంటశాల తలుపుకి ఎప్పుడూ ఎడమ పక్కే ఎదురవుతుంది. ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ కూడా అటే.

ఇంకో చిన్న ఇబ్బంది. వెనిగర్ వాసన బండి లోపలికి కూడా వెళ్ళింది. ఈ రోజు వార్డులో నర్సమ్మ రొట్టె వాసన చూసి, పులిసిపోయిందా అని అడిగింది. ఇది బయట పక్క వాసనండీ, లోపల రొట్టె శుభ్రం అన్నాను. ఆవిడ నన్ను కూడా వాసన చూసి, నిజమే అంది.

తెలియక అడుగుతున్నాను, తప్పుగా తీసుకోకండి. ఎడమ పక్కన వేసిన రేకు ఏమైనా వేరే రకమా? దానికి వేరే మందు ఉందా? ఇంకా పదకొండు రోజులే ఉంది. రాత్రి కళ్ళు మూసుకున్నా ఎడమ పక్కే కనిపిస్తోంది.

ఇట్లు,
సగం సంతోషంతో
మీ చిన్నల్లుడు

తా.క.: కుడి పక్క చూపిద్దామని ఈ రోజు ఆసుపత్రి గేటులోకి బండిని వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాను. కాపలా ఆయన నేను బయటికి పోతున్నాననుకుని చెయ్యూపి వీడ్కోలు చెప్పి గేటు మూసేశాడు.


పదో తారీకు

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. ఎడమ పక్క గురించి నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు. మనిషికి అంత ఆలోచన మంచిది కాదు. బండికి నాలుగు పక్కలున్నాయి, మూడు బాగున్నాయని నువ్వే రాశావు. మూడు పక్కలు బాగున్న మనుషులే ఈ రోజుల్లో దొరకడం లేదు.

రేకు వేరే రకమా అని అడిగావు. ఒకటే రకం, ఒకే కట్టలోది, ఒకే రోజు వచ్చింది. ఆ విషయంలో ఎవరి మీదైనా ఒట్టు వేస్తాను.

ఎడమ పక్కకి ఎండ ఎక్కువ తగులుతోందేమో చూడు. లేదా గాలి ఎక్కువ కొడుతోందేమో. దుమ్ము అటు నుంచే వస్తుండొచ్చు. నేనొక మార్గం చెప్తాను. పాత దుప్పట్లు వెనిగర్ నీళ్ళలో ముంచి, బండి ఎడమ పక్కంతా కప్పి అరగంట ఉంచు. ఉప్పు మెత్తబడుతుంది. కడగడానికి బోరు నీళ్ళు వద్దు, వాన నీళ్ళు దొరికితే మరీ మంచిది. ఆ తర్వాత తుడు. ఎటు తుడిచావన్నది అంత పెద్ద విషయం కాదు. ముందు నుంచి వెనక్కే అని పట్టుబట్టనక్కర్లేదు. మనసుకి ఎలా తోస్తే అలా, ఒకసారి అటూ, ఒకసారి ఇటూ, ఒకసారి పై నుంచి కిందికి కూడా తుడిచి చూడు. తప్పేముంది?

అదీ కుదరకపోతే ఎక్కువ హైరానా పడకు. మీ తోడల్లుణ్ణి పంపుతాను, బండి ఇక్కడికి తోలుకొస్తాడు. ఇక్కడ నేనొక్కణ్ణే, తలుపులు వేసుకుని, రెండు రోజుల్లో సరిచేస్తాను. ఎవరూ చూడాల్సిన పని లేదు. నువ్వు కూడా రానక్కర్లేదు.

ఈలోగా బండి నిలిపేటప్పుడు ఎడమ పక్కని గోడకి ఆనించి పెడుతూ ఉండు. నలుగురి కళ్ళు పడకుండా ఉంటుంది.

ఇట్లు,
నీ మేలు కోరే
మామ

తా.క.: ఈ ఉత్తరం మా అమ్మాయికి చూపించకు. చూపించాల్సి వస్తే వాన నీళ్ళ దగ్గర నుంచి చూపించు. 'ఎడమ' అన్న మాట వచ్చిన ప్రతిచోటా వేలు అడ్డం పెట్టు.


పదమూడో తారీకు

మామయ్యగారికి,

నమస్కారాలు. ఈసారి కులాసా అని రాయలేకపోతున్నాను.

మీరన్నట్టే చేశాను. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వెనిగర్‌లో ముంచి బండికి కప్పాను. వీధంతా మూగింది. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని మెల్లగా అడిగింది. మూణ్ణెల్ల నుంచన్నాను. ధైర్యంగా ఉండమని నా భుజం తట్టి వెళ్ళింది. అరగంటయ్యాక దుప్పట్లు తీసి తుడిచాను. ముందు నుంచి వెనక్కి గట్టిగా, ఇంకా గట్టిగా తుడిచాను. నా చేతుల్లో చేవ పోయింది గానీ మబ్బు పోలేదు. మొదటి ఉత్తరంలో అడ్డంగా తుడిస్తే చుట్టరికమే లేదన్నట్టు రాశారు. రెండో ఉత్తరంలో ఎటైనా ఫరవాలేదన్నారు. నేను మొదటిదే పట్టుకున్నాను, అప్పుడు మీరు మీలాగా ఉన్నారు.

అసలు సంగతికి వస్తాను. నాకు చదువు తక్కువేమో గానీ ఉత్తరం చదవడం వచ్చు. తోడల్లుడుగారొచ్చి బండి తోలుకెళ్తారా? తలుపులు వేసుకుంటారా? నేను రానక్కర్లేదా? అంటే ఏమిటండీ? మీ చేత్తో చేసిన చివరి బండిని చూసుకోవడం నాకు చేతకాలేదు, పెద్దల్లుడైతే బాగా చూసుకుంటాడు, అదేగా మీ మనసులో ఉన్నది? మొహం మీదే చెప్పేస్తే పోయేది. తొమ్మిదేళ్ళు ఆ బండిని నా ఒంటికన్నా ఎక్కువ తోముకున్నాను. నాకు జ్వరమొచ్చిన రోజు కూడా దాన్ని తుడవకుండా పడుకోలేదు.

నేనొక నిర్ణయానికి వచ్చాను. ఇక్కడ రంగులు వేసే ఆయన ఒకాయన ఉన్నాడు. గరుకు కాగితంతో నాలుగు పక్కలా బాగా గీకి, పైన తెల్ల రంగు కొట్టేస్తానన్నాడు. పదిహేడో తారీకు మధ్యాహ్నం రమ్మన్నాను. మీ స్టీలు కనపడకుండా పోతుందని నాకూ తెలుసు. కానీ పద్ధెనిమిదిన ఇన్‌స్పెక్టరమ్మ కాదంటే బండే ఉండదు. రంగు వేసిన బండి అయినా ఇంటి ముందు ఉంటుంది కదా.

తోడల్లుడుగారిని పంపొద్దు. పంపినా నేను తాళంచెవి ఇవ్వను.

ఇట్లు,
మీకు ఇప్పటికీ అల్లుడే అయిన
చిన్నవాడు

తా.క.: మీ ఉత్తరం మీ అమ్మాయికి చూపించలేదు. తనే తీసుకుని చదివింది. అప్పట్నుంచి ఉత్తరం మడతపెట్టడం, మళ్ళీ విప్పడం, ఇదే పని. మీ మీద తనకీ కోపం వచ్చినట్టుంది. దుప్పట్ల మీద కూడా వచ్చి ఉండొచ్చు. వాటిని నాలుగుసార్లు ఉతికింది.


పదిహేనో తారీకు

అల్లుడూ,

గరుకు కాగితం కింద పెట్టు. పెట్టాక చదువు.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే పదిహేడుకి చేరుతుందో లేదో అని మీ తోడల్లుడి చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. అతను బండి కోసం రావడం లేదు. పాపం అతనికి సైకిల్ తొక్కడమే భయం, నీ బండి పెట్టుకుని ఏం చేసుకుంటాడు?

నీకు చేతకాక ఎడమ పక్క మిగిలిపోలేదు. నువ్వు నేను చెప్పింది చెప్పినట్టు చేశావు కాబట్టే మిగిలిపోయింది. ఆ బండికి మిగతా రేకులన్నిటి మీదా గీతలు ముందు నుంచి వెనక్కి ఉంటాయి. ఎడమ పక్క రేకు మీద మాత్రం పై నుంచి కిందికి ఉంటాయి. ఆ రేకు తప్పుగా పడింది. నువ్వు ముందు నుంచి వెనక్కి ఎంత తుడిస్తే అంతగా ఉప్పుని గీతల్లోకి కూరుతున్నావన్నమాట. పై నుంచి కిందికి తుడు. పోతుంది. ఈ ఒక్క ముక్క మొదటి ఉత్తరంలోనే రాసుంటే నీకు ఇంత బాధ ఉండేది కాదు, మీ దుప్పట్లూ బాగుండేవి.

ఎందుకు రాయలేదంటావు. సిగ్గయ్యా.

నువ్వు బండి ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి మా షెడ్డుకి రోజూ వచ్చేవాడివి. ఒకరోజు వచ్చి, బండి సంగతి అడక్కుండా గుమ్మంలో నిలబడి, మీ చిన్నమ్మాయిని చేసుకుంటానన్నావు. నేను ఎడమ పక్క రేకు కోయబోతున్నాను. ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తూ కోశాను. కోసి, బిగించి, రివిట్లన్నీ కొట్టాక చూసుకున్నాను. తల తీసేసినట్టయింది. మళ్ళీ తెప్పించడానికి అలాంటి రేకు దొరకలేదు. పైకి తేడా తెలియకుండా వారం రోజులు మెరుగు పెట్టాను. కళ్ళు రేకుకి ఆనించి చూస్తే గానీ ఎవరూ పట్టుకోలేరు. రేకు అటు చివర పట్టుకున్న మా అమ్మాయి కూడా ఈ రోజుకీ గమనించలేదు.

మీ ఇంటికి వచ్చినప్పుడల్లా బండికి కుడి పక్కనే నిలబడేవాణ్ణి. నువ్వు అది మర్యాద అనుకున్నావు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ నోరు తెరిచాను కాబట్టి. చెవులు పోయి షెడ్డు మూశానని అందరూ అనుకుంటున్నారు. రేకు కోయడానికి చెవులెందుకు? మొదటి రోజు పనిలో చేరిన కుర్రాడు కూడా చేయని తప్పు ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత నేను చేశాను. ఆ తర్వాత కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆగిపోయేది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. మీ పెళ్ళయిన నెలకి తాళం వేశాను. ఇక్కడ మీ వదిన గిన్నెలకి సొట్టలు తీస్తూ కూర్చున్నాను, అవి కూడా తనే కావాలని పడేస్తోందని నా అనుమానం.

తుడిచాక కూడా ఎడమ పక్క కొంచెం వేరే తీరుగా మెరుస్తుంది. ఆ ఇన్‌స్పెక్టరమ్మ అడిగితే చూపించడానికి దీనితో పాటు ఒక కాగితం రాసి సంతకం పెట్టి పంపుతున్నాను. "ఎడమ పక్క తేడా మురికి కాదు, బండి తయారుచేసినవాడి తప్పు" అని. ధైర్యంగా చూపించు. నా పేరు పోతే పోనీ, బండి నీ దగ్గర ఉండాలి.

ఇట్లు,
తప్పు చేసిన
నీ మామ

తా.క.: ఆ రోజు నీకు 'సరే' అన్నది మాత్రం బాగా ఆలోచించే అన్నాను. రేకు సంగతే ఆలోచించలేదు.


పంతొమ్మిదో తారీకు

మామయ్యగారికి,

పాదాలకి నమస్కారాలు. ముందు తోడల్లుడుగారి గురించి. ఆయన క్షేమంగా చేరారు. ఆయన్ని సందు మలుపులో చూడగానే బండి కోసమే వచ్చారనుకుని, చేతిలో ఉన్న తాళంచెవిని ఎక్కడ దాచాలో తెలియక రొట్టెల పిండి తొట్టిలో పడేశాను. మీ ఉత్తరం చదివాక ఇద్దరం మోచేతుల దాకా పిండిలో పెట్టి వెతికాం. ఆయన మంచివారు. ఆ వంకన ఎప్పుడూ లేనంతగా మాట్లాడుకున్నాం. చెవి దొరికేసరికి రంగులాయన వచ్చి నిలబడ్డాడు. ఆయనకి టీ ఇచ్చి పంపేశాను.

తర్వాత గుడ్డ తీసుకుని ఎడమ పక్కకి వెళ్ళాను. పై నుంచి కిందికి ఒక్కసారి తుడిచాను. అంతే మామయ్యగారూ. గుడ్డ వెళ్ళిన దారంతా అద్దంలా తేలింది. మూణ్ణెల్ల మబ్బు అరగంటలో విడిపోయింది. నేను బండి పక్కన నేల మీద కూర్చుండిపోయాను. మీ మీద కోపంతో రాసిన మాటలన్నీ గుర్తొచ్చాయి. నన్ను క్షమించాలి. మొహం మీదే చెప్పేయమని మీకు రాశాను గానీ, చెప్పడం ఎంత కష్టమో నాకేం తెలుసు?

నిన్న ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఈసారి వేలు పెట్టలేదు, తెల్ల చేతిరుమాలు తీసింది. ఎడమ పక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒత్తి తుడిచింది. రుమాలు తెల్లగానే ఉంది. తిప్పి చూసింది, రెండో వైపూ తెల్లగానే ఉంది. తర్వాత దూరంగా వెళ్ళి తల పక్కకి వంచి, ఈ పక్క మెరుపు వేరుగా ఉందేమని అడిగింది. మీ కాగితం నా జేబులోనే ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. తియ్యలేదు. "మా మామగారు చేసిన బండమ్మా" అన్నాను. "రొట్టెలు దించే పక్క ఏదో దూరం నుంచే తెలియడానికి ఇలా పెట్టారా?" అంది. అవునన్నాను. మంచి ఆలోచన అని పుస్తకంలో రాసుకుంది. 'వాహనం శుభ్రం' అని కూడా రాసి సంతకం పెట్టింది. రూటు మనదే. బండి మన ఇంటి ముందే ఉంది.

మీ కాగితం మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. మీ అమ్మాయి నా జేబులోంచి తీసి చదివింది. ఆ తర్వాత మీ ఉత్తరం కూడా చదివింది. షెడ్డు మూసిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేసింది. ఈ ఉత్తరం కింద తను ఏదో రాస్తుందట, నన్ను చూడొద్దంటోంది. కలం లాక్కుంటోంది కాబట్టి ముగిస్తున్నాను.

ఇట్లు,
బండికి రెండు పక్కలా నిలబడగల
మీ చిన్నల్లుడు

తా.క.: నాన్నా, నేను.

ఆ రోజు రేకు తప్పుగా పరిచింది నేను. నువ్వు కాదు. రేకు పరిచి కోతకి గీత గీసేది ఎప్పుడూ నేనే కదా. ఈయన గుమ్మంలో నిలబడి అడుగుతుంటే, నువ్వేమంటావో వినాలని అటు తిరిగాను. నాతో పాటు రేకు కూడా తిరిగిపోయింది. అది చూసుకోకుండా దాని మీదే గీత గీసేశాను. రివిట్లు కొట్టాక గానీ నాకూ తెలియలేదు. నువ్వు గమనించలేదనుకుని, చెప్తే పెళ్ళి ముందు చివాట్లు పడతాయని నోరు మూసుకున్నాను. ఎడమ పక్క తుడవాల్సి వచ్చినప్పుడల్లా ఏదో వంక పెట్టుకుని లోపలికి పోయేదాన్ని. షెడ్డు చెవుల వల్లే మూశావనుకున్నాను నాన్నా. దీనివల్లని తెలిసుంటే ఆ రోజే వచ్చి చెప్పేదాన్ని.

నీ కత్తెర నేను గీసిన గీత మీదే నడిచింది. వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు.